కొత్త అక్వేరియంలో చేపలు ఎప్పుడు వదలాలి, ఏవి వదలాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న ట్యాంకు కొన్నారు. ఈ రోజు నీళ్ళు నింపి రేపు చేపల్ని వదిలేయొచ్చని అమ్మినాయన చెప్పాడు. రెండు గోల్డ్ ఫిష్, నాలుగు ఏంజెల్స్, ఒక షార్క్, పది నియాన్ టెట్రాలు, గాజు శుభ్రం చేయడానికి ఒక సక్కర్ ఫిష్ వేద్దామనుకుంటున్నారు. ఇది సరేనా, ఇంకేమేం కావాలి?

రేపు వదలకండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. మీ జాబితాలో ఈ ట్యాంకుకు సరిపోయేవి నియాన్ టెట్రాలు మాత్రమే, అవి కూడా మొదటి విడతలో కాదు. డబ్బు పెట్టాల్సింది మంచి ఫిల్టర్ మీద, నీళ్ళ టెస్ట్ కిట్ మీద. మూత తెరుచుకుని బుడగలు వదిలే నిధి పెట్టె బొమ్మలు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

ఇక కారణాలు. చేప ఒంట్లోంచి వచ్చే వ్యర్థంలో ఎక్కువ భాగం అమ్మోనియాగా మారి మొప్పల గుండా నీళ్ళలో కలుస్తుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్ళినా అదే అమ్మోనియా. దానికి రంగు ఉండదు, చేపల్ని చంపేంత మోతాదులో ఉన్నా నీళ్ళు అద్దంలా మెరుస్తుంటాయి. దీన్ని తినే బ్యాక్టీరియా కొన్ని ఉన్నాయి. అవి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల ప్రమాదం చాలా తక్కువ, దాన్ని మొక్కలు కొంత తీసుకుంటాయి, మిగతాది మనం నీళ్ళు మార్చినప్పుడు పోతుంది.

ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండదు. ఫిల్టర్‌లోని స్పాంజికి, రాళ్ళకి, గాజుకి అతుక్కుని బతుకుతుంది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టే ఈ నాలుగు, ఆరు వారాల లెక్క. కొత్త ట్యాంకులో అది లేనట్టే లెక్క. "మొదటి మూడు రోజులు బాగానే ఉన్నాయండీ, వారం తిరిగేసరికి ఒక్కొక్కటే చచ్చిపోయాయి" అని నన్ను అడిగే వాళ్ళలో దాదాపు అందరి కథా ఇదే. చేపల్లో లోపం ఉండదు, వాళ్ళ చేతిలో దోషమూ ఉండదు, ఫిల్టర్ ఇంకా పని మొదలుపెట్టలేదంతే.

చేపలు లేకుండానే ఫిల్టర్‌ను సిద్ధం చేయండి. దీన్నే సైక్లింగ్ అంటారు. నీళ్ళు నింపి, క్లోరిన్ పోగొట్టి, ఫిల్టర్ ఆన్ చేసి 24 గంటలూ నడపండి. వాసన, రంగు, నురుగు కలపని స్వచ్ఛమైన అమ్మోనియా ద్రావణం దొరికితే టెస్ట్ కిట్‌లో 2 పీపీఎం (అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు) చూపించేంత వేయండి. దొరక్కపోతే చేపల మేత రోజూ ఒక చిటికెడు వేసినా కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది, కాకపోతే లెక్క సరిగ్గా తెలియదు, వాసన కూడా కొంచెం భరించాలి. రెండు రోజులకోసారి పరీక్షించండి. మొదట అమ్మోనియా కనిపిస్తుంది, కొన్నాళ్ళకు అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది, ఆ తర్వాత నైట్రైట్ పడిపోయి నైట్రేట్ కనిపిస్తుంది. మధ్యలో నైట్రైట్ దశ మాత్రం విసుగు పుట్టిస్తుంది, ఎంతకీ దిగదు. అక్కడే చాలామంది ఓపిక పోయి చేపలు తెచ్చేస్తారు.

2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు సగానికి పైగా నీళ్ళు మార్చి, పోగుపడిన నైట్రేట్ తగ్గించి, చేపలు తెచ్చుకోండి. ఆ రోజు వరకూ అమ్మోనియా వేయడం ఆపకండి, తిండి లేకపోతే పెరిగిన బ్యాక్టీరియా కూడా క్షీణిస్తుంది.

దీనికి అడ్డదారి ఒకటుంది, నిజంగా పనిచేసేది. తెలిసినవాళ్ళ ఇంట్లో చాలాకాలంగా జబ్బుల్లేకుండా నడుస్తున్న ట్యాంకు ఉంటే, వాళ్ళ ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. తడి ఆరకుండా, ఆ ట్యాంకు నీళ్ళలోనే ఉంచి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. వారాల పని రోజుల్లో అవుతుంది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా మందులు కొన్నిసార్లు సాయపడతాయి, కొన్నిసార్లు ఏమీ చేయవు. వేసుకుంటే వేసుకోండి గానీ, టెస్ట్ కిట్ సున్నా చూపించేవరకూ నమ్మకండి.

మొదటి రెండు వారాల్లో నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా మారొచ్చు. టెన్షన్ పడి మొత్తం పారబోయకండి. అది వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం, దానంతట అదే తేరుకుంటుంది.

నీళ్ళ గురించి ముందు తెలుసుకోండి, చేపల గురించి తర్వాత. మీది ఏ నీళ్ళో మీరు రాయలేదు కాబట్టి మూడింటి గురించీ చెప్తాను.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది మొప్పల్ని కాలుస్తుంది, మనం ఇంత కష్టపడి పెంచిన బ్యాక్టీరియానూ చంపుతుంది. బకెట్లో ఒక రోజు మూత లేకుండా ఉంచితే మామూలు క్లోరిన్ చాలావరకు పోతుంది. కానీ కొన్నిచోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) కలుపుతారు, అది నిలవ ఉంచితే పోయేది కాదు. అందుకే క్లోరిన్ పోగొట్టే మందు వాడటమే సులువు. అవి ఎక్కువగా సోడియం థయోసల్ఫేట్‌తో తయారవుతాయి, నిమిషాల్లో పనిచేస్తాయి. క్లోరమైన్ విడిపోయినప్పుడు కొంత అమ్మోనియా మిగులుతుందని గుర్తుంచుకోండి, సిద్ధమైన ఫిల్టర్ ఉంటే అది పెద్ద సమస్య కాదు.

బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గానీ తరచూ కాఠిన్యం ఎక్కువ, అంటే ఖనిజాలు ఎక్కువ కరిగిన గట్టి నీళ్ళు. పైగా భూమిలోంచి వచ్చేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉండొచ్చు, అప్పుడే కొలిస్తే పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే అంకె) తక్కువ చూపిస్తుంది. ఒక రోజు నిలవ ఉంచి కొలవండి, అదే అసలు పీహెచ్.

ఆర్.ఓ. నీళ్ళు శుభ్రమైనవి కదా అని నేరుగా నింపేవాళ్ళు ఉన్నారు. మనం తాగే నీళ్ళు వేరు, చేపలు బతికే నీళ్ళు వేరు. ఆర్.ఓ. నీళ్ళలో ఖనిజాలు దాదాపు ఉండవు. పీహెచ్‌ను నిలకడగా ఉంచేది నీళ్ళలోని కార్బొనేట్లు, అవి లేకపోతే వ్యర్థాల ఆమ్లత్వానికి పీహెచ్ ఒక్కసారిగా కూలిపోతుంది. మరీ గట్టి నీళ్ళు ఉన్నవాళ్ళు ఆర్.ఓ. నీళ్ళను వాటితో కలిపి వాడుకోవచ్చు, నేరుగా మాత్రం వద్దు.

పీహెచ్ గురించి ఇంకో మాట. ఫలానా చేపకు 6.5 కావాలని చదివి మందులతో దించే ప్రయత్నం చేయకండి. సీసా మందు వేస్తే ఇవాళ దిగుతుంది, కార్బొనేట్లు దాన్ని రేపటికి మళ్ళీ పైకి లాగుతాయి. ఆ ఊగులాట చేపకు నిలకడగా ఉన్న 7.6 పీహెచ్ కంటే పెద్ద కష్టం. అయితే పీహెచ్ ఎంత ఉందో తెలిసి ఉండాలి, ఎందుకంటే అమ్మోనియా విషం దాని మీదే ఆధారపడి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. కిట్‌లో ఒకే అంకె చూపించినా, ఒక ఇంట్లో చేపలు తట్టుకుని, ఇంకో ఇంట్లో తెల్లారేసరికి తేలిపోవడానికి ఇదొక కారణం.

సామాన్ల విషయం త్వరగా ముగిస్తాను. మీ ట్యాంకు అంచు వరకూ నింపితే సుమారు 65 లీటర్లు. రాళ్ళు, పైన ఖాళీ తీసేస్తే 50 చిల్లర. మందుల మోతాదు ఈ రెండో అంకెతోనే లెక్కేయండి. గాజు, రాళ్ళు, నీళ్ళు కలిపి 80 కిలోల దాకా తూగుతుంది, కాబట్టి కాళ్ళు కదిలే పాత బల్ల మీద పెట్టొద్దు. అడుగున ఒక థర్మాకోల్ షీటు వేయండి. ట్యాంకు తయారీదారు వేరేగా చెప్పి ఉంటే అది పాటించండి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెడితే నీళ్ళు పచ్చబడతాయి.

ఫిల్టర్‌గా ఎయిర్ పంపుతో నడిచే రెండు స్పాంజ్ ఫిల్టర్లు ఈ సైజుకు చాలు. చవక, పాడయ్యేది పెద్దగా ఏమీ ఉండదు, చేపపిల్లల్ని లాక్కోదు. కొంచెం చప్పుడు ఉంటుంది. అది నచ్చకపోతే వెనక తగిలించే ఫిల్టర్ తీసుకోండి, గంటకు ట్యాంకు నీళ్ళను నాలుగైదుసార్లు తిప్పగలిగేది. ఎయిర్ పంపు నీటిమట్టం కంటే కింద ఉంటే గొట్టానికి చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) తప్పకుండా పెట్టండి, లేదంటే కరెంటు పోయినప్పుడు నీళ్ళు వెనక్కి జారి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదకి వస్తాయి. ప్రతి వైరూ ప్లగ్గుకు చేరేముందు కిందికి వేలాడి పైకి వెళ్ళాలి, అప్పుడు తీగ వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా కింద రాలిపోతుంది. హీటర్ అవసరమా అనేది మీ గది చలిని బట్టి. కావాలంటే లీటరుకు 1 వాట్ చొప్పున లెక్క. నీళ్ళు మార్చేటప్పుడు దాన్ని ఆపడం మర్చిపోవద్దు, వేడిగా ఉండి గాలి తగిలితే హీటర్ గాజు పగులుతుంది.

లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు. మొక్కలు పెడతానంటే జావా ఫెర్న్, అనూబియాస్ తెచ్చుకోండి. తక్కువ వెలుతుర్లో బతుకుతాయి. వాటి అడ్డకాండాన్ని రాళ్ళలో పూడ్చకుండా కొయ్యకో రాయికో దారంతో కట్టాలి, పూడిస్తే కుళ్ళిపోతుంది.

ఇప్పుడు చేపలు. షాపులో కనిపించేవి ఎక్కువగా పిల్లలే. మీరు చూడాల్సింది అది రేపు ఎంత అవుతుందని.

గోల్డ్ ఫిష్ గుండ్రటి రకాలైనా 15 నుంచి 20 సెం.మీ. అవుతాయి, పొడవాటి రకాలు ఇంకా పెద్దవి. తిండి ఎక్కువ, వ్యర్థం ఎక్కువ, కాస్త చల్లటి నీళ్ళు ఇష్టం. గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్ బొమ్మ ఎవరు మొదట గీశారో గానీ దానివల్ల చచ్చిన చేపలకు లెక్కలేదు. షార్క్ అని అమ్మే వెండిరంగు చేప ఎక్కువగా పంగాసియస్. తినడానికి చెరువుల్లో పెంచేది అదే, మీటరు దాటి పెరగగలదు. బెదిరితే గాజుకు గుద్దుకుని మూతి పగలగొట్టుకుంటుంది. ఇళ్ళలో పెట్టుకునే చేప కాదది. ఏంజెల్స్ అందమైనవే, కానీ వాటికి ఎత్తు కావాలి, కనీసం 45 సెం.మీ. పైగా నాలుగింటిలో జత కుదిరితే మిగతా రెండింటికీ నరకం. నోట్లో పట్టే నియాన్ టెట్రాలను అవి మింగేస్తాయి కూడా.

సక్కర్ ఫిష్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ పనిమనిషిలా కొంటారు. మామూలుగా అమ్మే రకం 40 సెం.మీ. దాకా పెరుగుతుంది. చిన్నప్పుడు నాచు గీరుతుంది, పెద్దయ్యాక మేత రుచి మరిగి నాచు జోలికి పెద్దగా పోదు. అది తినేదానికంటే అది వేసే రెట్ట శుభ్రం చేయడమే మనకు పెద్ద పని. పెరిగాక దిక్కుతోచక చెరువులోనో కాలువలోనో వదిలేస్తారు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. ఈ జాతి ఎన్నో దేశాల్లో నదుల్లోకి, చెరువుల్లోకి చేరి స్థానిక చేపలకు ముప్పుగా మారింది. గాజు మీది నాచుకు స్పాంజి ముక్క, మీ చెయ్యి చాలు. ప్రాణి కావాలంటే నెరైట్ నత్తలు మంచివి, మంచినీళ్ళలో వాటి గుడ్లు పొదగవు కాబట్టి సంఖ్య పెరిగిపోదు.

మరి ఏం పెట్టాలి? మీ నీళ్ళు గట్టివైతే గప్పీలు, ప్లాటీలు. గప్పీలు మగవే ఓ ఏడెనిమిది తీసుకోండి. ఆడది ఒక్కటి వచ్చినా చాలు, షాపులోనే కడుపుతో ఉంటుంది. ఒకసారి మగదాన్ని కలిశాక నెలల తరబడి పిల్లల్ని పెట్టగలదు. మూడు గప్పీలు తెచ్చి ఏడాదికల్లా పంచిపెట్టడానికి మనుషుల్ని వెతుక్కునేవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

నీళ్ళు మెత్తవో మధ్యస్తమో అయితే నా ఇష్టం ఇదీ: హార్లెక్విన్ రస్బోరాలు 8, అడుగున తిరిగే చిన్నరకం కోరిడోరాస్ 6, ఒక హనీ గౌరామి. పైన, మధ్యలో, కింద మూడు అంతస్తులూ నిండుతాయి, ఒకదాని జోలికి ఒకటి పోదు. కోరిడోరాస్‌కు మీసాలు నేలకు రాసుకుంటాయి కాబట్టి గరుకు రాళ్ళ బదులు నున్నటి ఇసుక వేయండి. మీకు నియాన్ మీదే మనసుంటే రస్బోరాల స్థానంలో అవి పది పెట్టుకోవచ్చు. అయితే ట్యాంకు రెండు మూడు నెలలు నిలకడగా నడిచాకే. గుంపు చేపల్ని రెండో మూడో తెస్తే భయపడి మూల నక్కుతాయి, రంగు వెలిసిపోతుంది.

ఇంకా సులువైనది కావాలంటే ఒక్క మగ బెట్టా, కొన్ని మొక్కలు. ఇంత ట్యాంకు ఒక్కదానికా అంటారు గానీ, ఖాళీ ఉన్న ట్యాంకులో బెట్టా ప్రవర్తన చూస్తే విడిచిపెట్టరు. రెండు మగ బెట్టాల్ని మాత్రం కలపకండి.

"లీటర్లకు ఇన్ని సెంటీమీటర్ల చేప" అనే సూత్రం మీరూ చదివే ఉంటారు. సన్నటి చిన్న చేపలకు అది కొంతవరకు నడుస్తుంది. 3 సెం.మీ. చేపలు పది ఒక ఎత్తు, 30 సెం.మీ. ఆస్కార్ చేప ఒక్కటి ఇంకో ఎత్తు. శరీరం బరువు, తిండి రెంటికీ పోలికే లేదు.

అన్నీ ఒకేరోజు తేకండి. మొదట ఒక గుంపు, రెండు వారాలు ఆగి పరీక్ష, అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉంటేనే రెండో గుంపు. సంచిని మూసే ఉంచి 15, 20 నిమిషాలు ట్యాంకులో తేలనివ్వండి, తర్వాత కొద్దికొద్దిగా మీ నీళ్ళు కలపండి, చివరికి చేపల్ని వలతో తీసి వదలండి. సంచి నీళ్ళు ట్యాంకులో పోయొద్దు. వీలైతే కొత్తవాటిని విడిగా ఒక టబ్బులో, స్పాంజ్ ఫిల్టర్‌తో, మూడు నాలుగు వారాలు ఉంచండి. మొదటి గుంపుకు ట్యాంకే క్వారంటైన్, రెండో గుంపు నుంచి ఇది అవసరం. తెల్లమచ్చల జబ్బు ఎక్కువగా ఇలా కొత్త చేపలతోనే వస్తుంది. ఆ పురుగు చేప ఒంటి మీద మచ్చగా ఉన్నప్పుడు మందుకు చావదు, రాలి నీళ్ళలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే మచ్చలు పోయాయని మందు మధ్యలో ఆపేస్తే మళ్ళీ వస్తుంది.

ఫిల్టర్‌ను కుళాయి కింద కడగొద్దు. నాతో పనిచేసే ఒకాయన ట్యాంకు ఎప్పుడూ తళతళలాడేది. ప్రతి ఆదివారం నీళ్ళన్నీ తోడేసి, రాళ్ళు, స్పాంజి కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా కడిగేవాడు. అంత శుభ్రంగా ఉంచినా నెలకోసారి చేపలు పోయేవి. ఆయన చేస్తున్నది మొలకెత్తిన నారుమడిని వారం వారం దున్నేయడమే. వారానికి పావు వంతు నీళ్ళే మార్చమన్నాను, స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్ళలో రెండుసార్లు పిండి పెట్టేయమన్నాను. పని తగ్గింది, చావులూ తగ్గాయి. మీరూ అంతే చేయండి. కొత్త నీళ్ళ వేడి పాత నీళ్ళతో సమానంగా ఉండాలి.

మేత రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. చేప ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తుంది, మనిషి దగ్గరికి రాగానే పైకి వస్తుంది, దాన్ని నమ్మొద్దు. కానీ మేత వేళ కాకపోయినా, ఎవరూ దగ్గర లేకపోయినా పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే అది ఆకలి కాదు. వెంటనే అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించి, క్లోరిన్ పోగొట్టిన నీళ్ళతో మూడో వంతు మార్చి, ఎయిర్ పంపు పెంచండి. ఎండాకాలం ఇది ఎక్కువ, ఎందుకంటే నీళ్ళు వేడెక్కినకొద్దీ ఆక్సిజన్‌ను తక్కువ పట్టుకుంటాయి.

కరెంటు గంటల తరబడి పోయే అవకాశం ఉంటే బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆ సమయంలో మేత వేయొద్దు. ఊరెళ్ళినప్పుడు కూడా ఇదే సూత్రం: ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకుండా ఉండగలవు. పక్కింటివాళ్ళకు మేత డబ్బా మొత్తం అప్పగిస్తే జాలితో రోజూ గుప్పెడు వేస్తారు. అంతకంటే ఎక్కువ రోజులు వెళ్ళాల్సి వస్తే, రెండు రోజులకోసారి వేసేలా చిటికెడు చిటికెడు పొట్లాలు కట్టి, మీద తేదీ రాసి ఇవ్వండి. డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.